ఎరువు తెచ్చిన ఇంజను



పోయిన వారం మామ్మగారి కొడుకులు ఊరికి వచ్చి ఆయిల్ ఇంజను అమ్మేశారు. మందిరం వెనక వీధిలో, రేకుల పాక కింద ఉండేది కదా, అదే. మామ్మగారు ప్రభువు సన్నిధికి వెళ్ళినప్పటినుంచి దాన్ని తిప్పినవాళ్ళు లేరు. కొనడానికి వచ్చిన ఆయన అనుభవం ఉన్న మనిషి. బేరం ఆడేముందు హ్యాండిల్ వేసి తిప్పి చూశాడు, ఆయిల్ పుల్ల తీసి చూశాడు, తర్వాత పక్కనున్న డోరు దగ్గర వేలు పెట్టి ఆగాడు. డోరుకీ చాంబరుకీ మధ్య వేసిన ప్యాకింగు అంచు కొంచెం బయటికి వచ్చి ఉంది. నూనె తాగి నల్లబడింది గానీ, ఆ అంచు మీద ఎర్ర అంకె ఒకటి ఇంకా కనపడుతూనే ఉంది.

"ఇదేంటండీ, క్యాలెండరు ముక్క వేశారు?" అని నవ్వాడు.

పెద్దకొడుకు మా వైపు చూశాడు. "ఆ కుర్రాడు ఏదో లోపల పడేశాడంట కదా అయ్యగారూ, అప్పుడు విప్పారు" అన్నాడు.

మేము తల ఊపాం. అంతే. నోటితో ఏమీ అనలేదు. ఇంజను ట్రాలీ ఎక్కింది, వెళ్ళిపోయింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ వారం వాక్య ధ్యానానికి బదులు ఈ సంగతి రాస్తున్నాం. ఆ క్యాలెండరు మన సంఘానిదే, 2019 సంవత్సరానిది.

ఆ ఏడు జూన్ నెలలో మన మందిరం ఆవరణలో మూడు రాత్రులు ఉజ్జీవ సభలు జరిగాయి, గుర్తుండే ఉంటుంది. మొదటి రోజుకు ముందే గాలివానకి స్తంభాలు ఒరిగి కరెంటు పోయింది. మైక్ సెట్టు వాళ్ళ దగ్గర డైనమో ఉంది, దాన్ని తిప్పే ఇంజను లేదు. మేము మామ్మగారి దగ్గరికి వెళ్ళాం. ఆమె ఒక్క మాట కూడా అడగలేదు. "దేవుని పనికి కాకపోతే ఇంకెందుకు అయ్యగారూ, తీసుకెళ్ళండి. నారుమడికి నీళ్ళు పెట్టే రోజుకి మాత్రం ఇంటికి చేర్చండి" అంది.

ఈ చివరి మాట బరువు ఏమిటో డెల్టా శివారులో పుట్టినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్ళు ఎగువ ఊళ్ళన్నీ దాటుకుని మన కాలువ చివరికి వచ్చేసరికి చీలమండ లోతు కూడా ఉండవు. వంతు వచ్చిన రోజున ఇంజను పెట్టి తోడుకోవాలి. ఆ రోజు తప్పితే మళ్ళీ వంతు ఎప్పుడో. మామ్మగారికి ఉన్నది ఎకరంన్నర. భర్త పోయాక కౌలుకివ్వకుండా తనే చేయించుకునేది. ఆ ఇంజను ఆమెకి భర్త వదిలి వెళ్ళిన ఆస్తి.

అది 5 హార్స్ పవర్ది, అంటే 3.7 కిలోవాట్లు. ఒక్కటే సిలిండరు. ట్యూబులైట్లకీ మైకుకీ చాలిపోయింది. రెండు రాత్రులు బ్రహ్మాండంగా ఆడింది. మూడో రాత్రి, సాక్ష్యాలు జరుగుతుండగా, శబ్దం మారింది. డుగ్ డుగ్ మనేది కాస్తా మధ్యలో తప్పుతూ, పొగ కక్కుతూ, లైట్లు మిణుకుమిణుకుమన్నాయి. ఎలాగో ఆశీర్వాద ప్రార్థన దాకా లాగించాం.

మర్నాడు ఉదయం మన సంఘంలో ఐటిఐ డీజిల్ మెకానిక్ చదివిన అబ్బాయిని పిలిచాం. అప్పటికి వాడికి పందొమ్మిదేళ్ళు. పైన మూత తీసి చూసి రెండు నిమిషాల్లో చెప్పాడు, ఎగ్జాస్టు వాల్వు స్ప్రింగు మధ్యలో రెండుగా విరిగిందని. మన సభలో ఆడుతుండగా విరిగింది కాబట్టి బాగుచేసి ఇవ్వడం మన బాధ్యత. నిర్గమకాండము 22వ అధ్యాయంలో పొరుగువాని దగ్గర పశువును ఎరువు తెచ్చుకున్నవాడి సంగతి ఉంటుంది. యజమాని దగ్గర లేనప్పుడు దానికి దెబ్బ తగిలితే తెచ్చుకున్నవాడే నష్టం కట్టాలి. ఆ కాలంలో ఎద్దు, మన కాలంలో ఇంజను. టౌనుకి మనిషిని పంపి స్ప్రింగు తెప్పించాం.

ఇక్కడ కొంచెం పని వివరం చెప్పాలి, లేకపోతే తర్వాతి మాట అర్థం కాదు. వాల్వు అంటే గొడుగు ఆకారంలో ఉండే ఇనుప కాడ. దాని చుట్టూ స్ప్రింగు, స్ప్రింగు పైన ఒక గిన్నెలాంటి రేకు. ఆ గిన్నె పైకి ఎగిరిపోకుండా కాడ గాడిలో ఇమిడి పట్టుకునేవి రెండు లాకులు. ఒక్కొక్కటి చింతగింజలో సగం ఉంటుంది. రెండూ కలిస్తేనే ఒక ఉంగరం. స్ప్రింగు మార్చాలంటే ముందు పిస్టన్‌ని పై కొసకి తెచ్చి ఆపాలి, లేకపోతే లాకులు తీయగానే వాల్వు జారి సిలిండరులో పడుతుంది. తర్వాత ఒకరు బలంగా స్ప్రింగుని కిందికి నొక్కి పట్టుకోవాలి, రెండోవారు లాకుల్ని తీయాలి లేదా పెట్టాలి. ఒక్కడు చేసే పని కాదది. ఆ లాకులు కూర్చునే చోటికి బెత్తెడు దూరంలో పుష్ రాడ్లు దిగే రంధ్రాలుంటాయి. రాడ్లు తీసేస్తే ఆ రంధ్రాలు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. అక్కడ పడినది ఏదైనా సరే, నేరుగా కింద చాంబరులోకే.

అబ్బాయి మొదటే అన్నాడు, "అయ్యగారూ, రంధ్రాల్లో గుడ్డ కుక్కుదాం."

మాకు తొందర. మధ్యాహ్నం ఒక ఇంట్లో కృతజ్ఞత కూటం ఉంది. "రెండు నిమిషాల పనిరా బాబూ, గుడ్డలెందుకు" అన్నాం. మా చిన్నతనంలో సేవకు రాకముందు రెండేళ్ళు సైకిల్ షాపులో పనిచేశాం లెండి. పానా పట్టుకోవడం తెలుసన్న గర్వం ఇంకా పోలేదు. వాడు చిన్నవాడు, మేము పాస్టరుగారం. వాడు ఇంకేం మాట్లాడలేదు.

తీసేటప్పుడు రెండు లాకులూ క్షేమంగా వచ్చాయి. కొత్త స్ప్రింగు వేశాం. వాడు రెండు చేతులతో గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. మొదటి లాకు కూర్చుంది. రెండోది గాడి దాకా వెళ్ళి, వేళ్ళకి ఆయిలు ఉండటంవల్ల, జారింది. టింగ్ మని ఒక శబ్దం. ఒక్క క్షణం తర్వాత ఇంకెక్కడో లోతులో ఇంకో చిన్న శబ్దం.

మేము అని రాయడం మాకు అలవాటు. సేవకులు చాలామందికి ఇదే అలవాటు, ఇంట్లో మీ అమ్మగారినీ సంఘాన్నీ కలుపుకుని మాట్లాడతాం. ఈ ఒక్కచోట ఆ మాట వెనక దాక్కోవడం బాగోదు. రెండో లాకు పెట్టింది ఈ మాటలు రాస్తున్న మీ పాస్టరు. అది జారింది మీ పాస్టరు వేళ్ళలోనుంచి. ఆ సమయంలో అబ్బాయి రెండు చేతులూ స్ప్రింగు మీదే ఉన్నాయి.

పడగానే మేము అన్న మొదటి మాట, "బయట పడింది." వాడన్నాడు, "లోపల పడినట్టు వినపడింది అయ్యగారూ." "లేదు లేదు, బయటే" అని మేమే తేల్చేసి, మోకాళ్ళ మీద కూర్చుని గంటసేపు మట్టి వెతికాం. గడ్డి పీకాం. జల్లెడ తెప్పించి మట్టి జల్లించాం. ఎందుకంటే బయట పడితే పోయింది ఒక లాకే, టౌనులో ఇరవై రూపాయలు ఉండదు. లోపల పడితే ఇంజను మొత్తం విప్పాలి. ఎక్కడ పడి ఉంటే మనకి సులువో అక్కడ వెతుకుతాం. తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది గానీ, ఆ గంటసేపూ మాత్రం నిజంగా అక్కడే ఉందని మాకు మేమే నమ్మేసుకున్నాం.

ఇంకొక లాకు కొని పెట్టేసి ఇచ్చేస్తే ఏమవుతుంది? ఆ ఆలోచన రాలేదని చెప్పం. వచ్చింది. అబ్బాయి దగ్గర పైకి కూడా అన్నాం. వాడు నెమ్మదిగా, పాఠం ఒప్పచెప్పినట్టు చెప్పాడు. ఇది నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజను, అంటే సెకనుకి 25. ఆ ముక్క అడుగున మడ్డిలో పడి ఉంటే ఏమీ కాకపోవచ్చు. కానీ క్రాంకు కదలికకి ఆయిలుతోపాటు ఎగిరి గేరు పళ్ళ మధ్యకి వెళ్ళిందంటే పళ్ళు ఊడతాయి. పై భాగంలో పడి ఉంటే ఇంకా ప్రమాదం, పిస్టన్ పైకి వచ్చినప్పుడు దానికీ హెడ్డుకీ మధ్య ఉండే సందు గోరు మందమే. "మామ్మగారు పొలంలో ఒక్కతే ఉన్నప్పుడు పగిలితే ఎలా అయ్యగారూ" అన్నాడు.

ఆపరేషన్ థియేటర్లలో కుట్లు వేసేముందు గుడ్డలూ కత్తెర్లూ లెక్కపెడతారు. విమానాలు బాగుచేసే చోట ప్రతి పనిముట్టుకీ పెట్టెలో దాని ఆకారంలోనే గాడి ఉంటుంది, పని అయ్యాక ఒక్క గాడి ఖాళీగా కనబడినా విమానాన్ని కదలనివ్వరు. వెతకాల్సిందే. ఆ పందొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఆ పట్టుదల ఉంది. మాకు కృతజ్ఞత కూటం తొందర ఉంది.

వాడు మొదట చేసిన పని, హ్యాండిల్ తీసుకెళ్ళి మా ఇంట్లో పెట్టడం. పిల్లలెవరైనా సరదాకి ఒక చుట్టు తిప్పినా ముక్క ఇంకెక్కడికో పోతుందని. తర్వాత మీ అమ్మగారి పౌడరు డబ్బా అద్దం అడిగి తెచ్చుకుని, టార్చి వేసి, రంధ్రంలోకి వెలుగు మళ్ళించి చూశాడు. చీకటి, నూనె, అంతే. పోయిన నాణెం కోసం దీపం వెలిగించి ఇల్లు ఊడ్చిన స్త్రీ సంగతి మేము ఎన్నిసార్లు బోధించామో. లూకా 15వ అధ్యాయంలో ఆ స్త్రీ వెతికింది తన ఇంట్లో, తన నాణెం. మేము వెతుకుతున్నది ఇంకొకరి ఇంజనులో. ఆ తేడా ఆ రోజు దాకా మాకు తట్టలేదు.

అయస్కాంతం కావాలన్నాడు. మందిరం అటకమీద పాడైపోయిన మైకు స్పీకరు ఉంటే దించాం. దాని వెనక గుండ్రటి నల్ల అయస్కాంతం ఉంటుంది. రంధ్రంలో పట్టదు. సుత్తితో కొడితే కుండపెంకులాగా పగిలింది, ఒక ముక్క వెదురుపుల్ల కొసన దారంతో కట్టాడు. లోపలికి దించితే ముక్క కోసం కాదు, గోడకే వెళ్ళి అతుక్కుంటోంది. చుట్టూ ఉన్నది పోత ఇనుమే కదా! పది సార్లు దించితే పది సార్లూ గోడకే. అప్పుడు వాడు పాత సైకిల్ ట్యూబు కోసి అయస్కాంతం పక్కలకి చుట్టి, కింది కొస మాత్రం బయట ఉండేలా కట్టాడు. అది పనిచేసింది. అంతా చుట్టూ చేరి చూస్తున్నాం. మెల్లిగా పైకి లాగాడు. కొసన ఏదో అతుక్కుని ఉంది.

"స్తోత్రం!" అని గట్టిగానే అన్నాం.

అది లాకు కాదు. ఒక స్ప్రింగు వాచరు. నల్లగా, ఎన్నేళ్ళనాటిదో, ఒక అంచు మాత్రం రాపిడికి వెండిలాగా మెరుస్తోంది. ఈ ఇంజను దగ్గర ఎప్పుడో ఎవరో ఇలాగే దేన్నో జారవిడిచి, చెప్పకుండా మూత బిగించేశారు. చూస్తున్నవాళ్ళలో ఒకాయన అన్నాడు, "చూశారా, అది లోపలున్నా ఇన్నేళ్ళూ ఆడలేదా ఏంటి? మూసెయ్యండి." మా మనసు కూడా అటే లాగింది. అబ్బాయి ఆ వాచరు మెరుస్తున్న అంచుని వేలితో తడిమి, జేబులో వేసుకుని, మళ్ళీ పుల్ల దించాడు.

సాయంత్రం మామ్మగారు కర్ర పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. మర్నాడు ఉదయం ఆమె వంతు. ఇంజను విప్పి ఉండటం చూసి నిలబడిపోయింది.

"ఏమైంది అయ్యగారూ?"

మేము చెప్పిన మాట ఇది, అక్షరం మార్చకుండా రాస్తున్నాం: "అబ్బాయి స్ప్రింగు మారుస్తున్నాడు మామ్మగారూ, చిన్న ముక్క ఒకటి లోపల పడింది."

ఇందులో అబద్ధం ఏదని అడిగితే చూపించలేం. అబ్బాయి స్ప్రింగు మారుస్తున్న మాట నిజం. ముక్క లోపల పడిన మాట నిజం. మన తెలుగులో ఈ వెసులుబాటు ఉంది. పడింది అంటే చాలు, ఎవరు పడేశారో చెప్పనక్కర్లేదు. పాలు ఒలికాయి, గ్లాసు పగిలింది, డబ్బు ఖర్చయిపోయింది. ఎవరూ ఏమీ చేయరు, అన్నీ వాటంతటవే అవుతాయి. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టాక, మామ్మగారు అబ్బాయి వైపే చూసింది. వాడు ఇంజను మీదికి వంగి పని చేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. మేము దిద్దలేదు.

ఆ రాత్రి మీ అమ్మగారు అన్నం పెడుతూ, "ఏవండీ, ఎవరి చేతిలోనుంచి పడింది?" అని అడిగింది. ఆమెకి ఎలా అనుమానం వచ్చిందో. "పనిలో పడిపోయింది" అన్నాం. మళ్ళీ అదే మాట. ఆమె ఇంకేం అడగలేదు. అడగకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

రెండవ రాజుల గ్రంథము 6వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు తీసి చూడండి. ప్రవక్తల శిష్యులు యొర్దాను దగ్గర మాను కొట్టుకుంటుంటే ఒకని గొడ్డలి ఊడి నీళ్ళలో పడింది. వాడు కేకవేశాడు. గొడ్డలి తనది కాదు, ఎరువు తెచ్చుకున్నది. ఇనుము తేలిన ఆ అద్భుతం గురించి మేము మందిరంలో మూడుసార్లయినా ప్రసంగించి ఉంటాం. మూడుసార్లూ ఇనుము తేలడం గురించే చెప్పాం. మధ్యలో ఎలీషా అడిగిన చిన్న ప్రశ్న గురించి చెప్పలేదు. అది ఏ చోట పడిందో చూపించమన్నాడు ఆయన. ప్రవక్తకి తెలియదా? నీటి అడుగున ఉన్న ఇనుమును పైకి తేగలిగినవాడికి అది ఎక్కడుందో కనుక్కోవడం పెద్ద పనా? అయినా అడిగాడు. ఆ మనిషి వెళ్ళి వేలుపెట్టి చూపించాడు. ఆ తర్వాతే కొమ్మ నరికి అక్కడ వేయడం జరిగింది. మేమైతే మట్టి చూపించేవాళ్ళం. బయట పడిందండీ, గడ్డిలో చూడండి, అని.

ఇంకో సంగతి. గొడ్డలి పోగొట్టిన ఆ శిష్యుడు కేకవేసింది అందరి ఎదుట. చుట్టూ తోటివాళ్ళున్నారు. ఊడిన గొడ్డలి పక్కవాడిదని ఎవరూ అనుకునే అవకాశం ఇవ్వలేదు.

మర్నాడు ఉదయం పుల్లతో లాభం లేదని అబ్బాయి పక్క డోరు విప్పాడు. ఆయిలంతా బేసినులోకి వదిలి, ఆ ఆయిలుని పాత చీర ముక్కలో వడకట్టాడు. లాకు రాలేదు. లోపల డీజిలు పోసి కడిగి, అదీ వడకట్టాడు. రాలేదు. చివరికి చొక్కా విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగున ఒక మూల పేరుకున్న మడ్డిని వేళ్ళతో కొంచెం కొంచెంగా తవ్వి తీశాడు. మధ్యాహ్నం మూడయింది. నల్లటి ముద్ద ఒకటి అరచేతిలో పెట్టి డీజిలులో కడిగితే, చింతగింజలో సగం, మెరుస్తూ కనపడింది. వాడు నవ్విన నవ్వు మాకు ఇప్పటికీ కళ్ళముందుంది.

డోరు ప్యాకింగు విప్పేటప్పుడు చినిగింది. కొత్తది టౌను నుంచి తెచ్చే వ్యవధి లేదు. గోడకున్న మన సంఘం క్యాలెండరు అట్ట చింపి, డోరు మీద పరిచి, సుత్తి గుండ్రటి వైపుతో అంచుల వెంట చిన్నగా కొట్టుకుంటూ వెళ్ళాడు. కొట్టినచోటల్లా అట్ట తెగి, డోరు ఆకారం దానంతటదే వచ్చింది. గ్రీజు రాసి బిగించాడు. ఈసారి లాకు పెట్టేటప్పుడు రంధ్రాల్లో గుడ్డ కుక్కాం. లాకుకి గ్రీజు అద్ది, వాడే పెట్టాడు. మేము స్ప్రింగు నొక్కాం. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది.

అప్పటికి మామ్మగారి వంతు అయిపోయింది. ఆమె ఉదయాన్నే ఇంకొకరి ఇంజను గంటల లెక్కన బాడుగకి పెట్టి నీళ్ళు తోడించుకుంది. ఆ డబ్బు ఇస్తామంటే తీసుకోలేదు. "దేవుని పనిలో అయిన ఖర్చు" అంది. తర్వాత నవ్వుతూ అన్న మాట, "పెద్ద మేస్త్రిని పిలవాల్సింది అయ్యగారూ, పిల్లల చేతికిస్తే ఇంతే."

ఆ మాట ఆమె చెడుగా అనలేదు. కానీ చెరువు గట్టున అంది, కుళాయి దగ్గర అంది. ఊరు చిన్నది. ఆ సీజనులో మన ఊళ్ళో పాడైన ఇంజన్లకు టౌను నుంచే మెకానిక్కులు వచ్చారు. ఇంటింటికీ తిరిగి "ఏదైనా పనుంటే చెప్పండి" అని అడిగిన అబ్బాయిని పిలిచినవాళ్ళు తక్కువ. సంక్రాంతి వెళ్ళాక వాడు హైదరాబాదు వెళ్ళి లారీల షెడ్డులో చేరాడు. అందుకే వెళ్ళాడని మేము తీర్పు చెప్పలేం. ఊళ్ళో ఉన్న పిల్లలందరూ వెళ్తూనే ఉన్నారు. అందుకు కాదని కూడా చెప్పలేం.

దావీదు 32వ కీర్తనలో తాను నోరు మూసుకుని ఉన్నంతకాలం ఎముకల్లో ఏం జరిగిందో చెప్పుకున్నాడు. మాకు ఎముకలు బాగానే ఉన్నాయి. అదే భయం వేస్తుంది. ఇన్నేళ్ళలో ఆ సంగతి వారానికోసారి గుర్తొచ్చిందా అంటే, లేదు. భోజనం చేశాం, ప్రసంగాలు చెప్పాం, సత్యం గురించి యవ్వనస్తుల కూటంలో మాట్లాడాం. అబ్బాయి సెలవులకి వచ్చి వందనం చేస్తే తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించాం. ఇంజను ఆడుతూనే ఉంది, అంచు అరుగుతూనే ఉంది. మామ్మగారి ఆఖరి రోజుల్లో మంచం పక్కన ఎన్ని గంటలు కూర్చున్నామో. చెప్పడానికి వ్యవధి లేక కాదు. ఆమె కుర్రాడి తప్పే అనుకుని వెళ్ళిపోయింది. దాన్ని ఇప్పుడు మేము దిద్దలేం.

ఇది రాసేముందు నిన్న రాత్రి అబ్బాయికి ఫోను చేశాం. పని ముగించుకుని గదికి వచ్చి ఉన్నాడు. జరిగిన సంగతి చెప్పి, ఆ లాకు మా చేతిలోనుంచి పడింది బాబూ, పేరు నీకు వచ్చింది, క్షమించమని అడిగాం. కొంచెంసేపు ఏమీ వినపడలేదు. లైను పోయిందేమో అనుకున్నాం.

"నాకు తెలుసు కదా అయ్యగారూ" అన్నాడు. "నా చేతులు స్ప్రింగు మీదున్నాయి గానీ, కళ్ళు మీ వేళ్ళ మీదే ఉన్నాయి."

ఎవరికైనా చెప్పావా అని అడిగాం. వాళ్ళమ్మకి ఒక్కదానికే చెప్పాడట. ఆమె ఎవరితోనూ అనొద్దందట, పాస్టరుగారి మీద మాట రాకూడదని. ఆ తల్లి ఇన్నేళ్ళూ ప్రతి ఆదివారం మన మందిరంలో ముందు వరస చాప మీద కూర్చుని మా ప్రసంగం వింటోంది. వాక్యం చెప్తున్నప్పుడు తల ఊపుతుంది కూడా.

వాచరు ఏం చేశావని అడిగాం. ఇంకా తన పానాల పెట్టెలో ఉందన్నాడు.

ఈ ఉదయం మామ్మగారి పెద్దకొడుక్కి ఫోను చేసి చెప్పాం. ఆ రోజు బాడుగ డబ్బు ఇప్పుడైనా తీసుకోమన్నాం. ఆలోచించి చెప్తానన్నాడు. ఆదివారం ఆరాధనలో, ప్రసంగానికి ముందు, ఆ తల్లి ఎదుటే ఈ సంగతి మళ్ళీ నోటితో చెబుతాం. ఫోనులో చదవని పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు, కుళాయి దగ్గర ఆ మాట విన్నది వాళ్ళే.

అబ్బాయి వచ్చే నెల మొదటి వారంలో పది రోజులు ఊళ్ళో ఉంటాడు. ఎవరి ఇంజనుకైనా ట్యాపెట్లు చూడాల్సి ఉన్నా, పొగ ఎక్కువగా వస్తున్నా వాడికి చూపించండి. నంబరు మీ అమ్మగారి దగ్గర ఉంది.